చెమట పట్టినవాడికి దుప్పటి

"ఇదేంటి?"

కండక్టరమ్మ ఫ్రిజ్ తలుపు బార్లా తీసి పట్టుకుంది. తలుపు అరలో జామ్ సీసాకీ పాల డబ్బాకీ మధ్య ఒదిగి ఉన్న చిన్న తెల్లటి పెట్టెను తీసి వంటింటి బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద కోసం. బల్ల మీది కప్పులు ఎగిరిపడ్డాయి.

"మిమ్మల్నే అడుగుతున్నది. ఇదేంటో ఒక్కరు చెప్పండి."

ఆవిడ గొంతు బస్సులో ముందు మెట్టు దగ్గర నిలబడి చివరి సీటుదాకా వినిపించడానికి అలవాటుపడిన గొంతు. ఆ చిన్న వంటింటికి అది మరీ ఎక్కువైపోయింది. యూనిఫారమ్ విప్పకుండా ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది. భుజాన టిక్కెట్ల సంచీ కూడా అలాగే ఉంది. ఎదురుగా ముగ్గురు, టిక్కెట్టు తీసుకోకుండా దొరికిపోయిన ప్రయాణికుల్లా గోడకి ఆనుకుని నిలబడ్డారు.

నెమ్మదయ్య ముందుగా నోరు విప్పాడు. ఇల్లు అద్దెకి తీసుకున్నది అతని పేరు మీద కాబట్టి పెద్దరికమూ అతనిదే. ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగం. తలుపు మూసినా, టీ తాగినా, చివరికి కోపం తెచ్చుకున్నా నెమ్మదే. అందుకే ఆ పేరు.

"కంటి చుక్కలు అనుకున్నామండీ."

"కంటి చుక్కలు! అది ఇన్సులిన్ బాబూ. మా తమ్ముడికి ఆరో క్లాసు నుంచీ షుగరు. సూది పడకపోతే బతకడు, సూది పడ్డాక తిండి పడకపోయినా బతకడు. ఒకే ఇల్లు, ఒకే ఫ్రిజ్, ఒకే పాల డబ్బా. మీలో ఒక్కరికీ తెలీదా?"

"ఒకరి సొంత సంగతులు ఒకరం అడగమండీ. ఇక్కడ అదొక పద్ధతి," అంది ఉపన్యాసం. న్యాయశాస్త్రం చదువుతున్న ఆ పిల్లకి ఆ పేరు ఎందుకొచ్చిందో, ఆమె రెండు మాటలు విన్నవాళ్ళెవరికీ వేరే చెప్పక్కర్లేదు.

"అడగరా? మంచి పద్ధతే తల్లీ. ఇల్లు తగలబడుతున్నా అడగరు కాబోలు."

ఉపన్యాసం తల వంచుకుంది.

ఆవిడ తమ్ముణ్ణి ఆ ఇంట్లో సెల్లుబాబు అంటారు. ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. నలుగురిలోకీ చిన్నవాడు. వీళ్ళు నలుగురూ ధ్యానకేంద్రంలో పరిచయమై, ఆ కేంద్రానికి రెండు వీధుల అవతల కలిసి కాపురం ఉంటున్నారు. పొద్దున ధ్యానం, సాయంత్రం ధ్యానం, పక్షానికోసారి ఉపవాస దినం. ఆ రోజు మధ్యాహ్నం దాటాక మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లోకి పోకూడదు. బుద్ధుడి కాలం నుంచీ సన్యాసులు పాటించిన నియమం అది. వీళ్ళేమో ఉద్యోగాలు చేసుకునే కుర్రకారు. అయినా ఉత్సాహం ఉంది కదా, పాటిస్తున్నారు. నిన్న ఆ దినమే. సెల్లుబాబు అలవాటు ప్రకారం సూది వేసుకున్నాడు, నియమం ప్రకారం తిండి మానేశాడు.

కేంద్రంలో ఇంకో ఆనవాయితీ ఉంది. గంట కొట్టాక కూడా లేవకుండా కూర్చున్నవాణ్ణి ఎవరూ కదపకూడదు. 'లోపలికి వెళ్ళాడు' అంటారు. మిగతావాళ్ళు కొంచెం భక్తితో, కొంచెం అసూయతో, పిల్లిలా అడుగులేస్తూ బయటికొచ్చేస్తారు. నిన్న సాయంత్రమూ అలాగే వచ్చేశారు. ఫోను చేసి చేసి విసిగిపోయిన కండక్టరమ్మ, డ్యూటీ దిగి వెతుక్కుంటూ వచ్చి మెట్లెక్కి చూస్తే, చీకటి హాల్లో తమ్ముడొక్కడే దుప్పట్లో పక్కకి ఒరిగి పడి ఉన్నాడు.

బతికాడు. అది వేరే సంగతి.

"వాణ్ణి ఆఖరున చూసింది ఎవరు?" అంది కండక్టరమ్మ.

మౌనం వాళ్ళకి కొత్త కాదు. రోజూ గంటలకొద్దీ చేసేదే. ఈ మౌనం మాత్రం ఎవరికీ అలవాటు లేనిది. నెమ్మదయ్య పెట్టె వంక చూశాడు. ఉపన్యాసం నెమ్మదయ్య వంక చూసింది.

"నేను," అంది పళ్ళక్క.

పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు కాబట్టి పళ్ళక్క. డాక్టరు చెయ్యి చాపితే ఏ పరికరం అందించాలో చూడకుండానే తెలుసు. నోట్లో ఊరే నీళ్ళు గొట్టంతో లాగెయ్యడం, భయపడే పిల్లల భుజం పట్టుకోవడం ఆమె పని. నిన్న సాయంత్రం గంట కొట్టే వంతు ఆమెది.

"ఎలా ఉన్నాడు అప్పుడు?"

"కూర్చునే ఉన్నాడు. మెడ మీద చెమట ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. దుప్పటి జారితే మళ్ళీ కప్పాను. లైటు తీసేశాను. వచ్చేశాను."

మళ్ళీ ఎప్పుడు రావాలో రోగికి చెప్పినట్టు చెప్పింది. ఎక్కడా గొంతు వణకలేదు. తనకే వింతగా ఉంది. వణకాలి కదా అనుకుంది, కాసేపు ఎదురు చూసింది. వణకలేదు.

"చెమట పట్టినవాడికి దుప్పటి కప్పావా?"

"కప్పాను అక్కా."

"చూసి కూడా?"

"చూసే కప్పాను."

"అలా కాదండీ," అని ఉపన్యాసం అడ్డం వచ్చింది. "ధ్యానంలో ఒళ్ళు వేడెక్కడం, వణకడం మామూలే. మాకందరికీ ఎప్పుడో ఒకప్పుడు..."

"నువ్వుండమ్మా. ఆ పిల్ల చెబుతోంది కదా."

కండక్టరమ్మ కుర్చీ లాక్కుని కూలబడింది. సంచీ బల్ల మీద పడేస్తే నోరు తెరుచుకుని, టిక్కెట్ల చుట్టలతోపాటు చిన్న చిన్న చక్కెర పొట్లాలు గుప్పెడు జారిపడ్డాయి. ఆవిడ వాటిని ఒక్కొక్కటే ఏరి మళ్ళీ సంచీలో వేసుకుంది.

"మిమ్మల్ని తిట్టిపోయాలనే బయల్దేరాను. దారంతా మాటలు కూడబెట్టుకున్నాను. ఇక్కడికొచ్చి మీ మొహాలు చూశాక ఒక్కటీ గుర్తు రావట్లేదు. అసలు పని వేరే ఉంది. వాడికి తెలివొచ్చింది."

"అమ్మయ్య," అన్నాడు నెమ్మదయ్య.

"అమ్మయ్యా లేదు, అయ్యా లేదు. తెలివొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట. 'అక్కా, నేను అందుకున్నాను' అంటాడు. అక్కడ ఒళ్ళు లేదట, భయం లేదట, అంతా తేలికట. రక్తంలో చక్కెర పడిపోతే మెదడు అలాగే ఆడిస్తుంది బాబూ అని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వీడు నవ్వుతాడు. డాక్టర్ని చూసి జాలిగా నవ్వుతాడు! భోజనం తెస్తే పక్కకి నెడతాడు. మళ్ళీ అక్కడికే పోతాడట."

నెమ్మదయ్యా ఉపన్యాసమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో ఉన్నది భయం ఒక్కటే కాదు. పళ్ళక్క అది గమనించింది.

"వాడు నా మాట వినడు, చిన్నప్పట్నుంచీ వినీ వినీ అరిగిపోయింది. నీ మాట వింటాడు అమ్మాయ్. నోరు విప్పితే పళ్ళక్క పళ్ళక్క. పళ్ళక్కలా కూర్చోవాలి, పళ్ళక్కకి ఏదీ అంటదు. నువ్వొచ్చి చెప్పు. అక్కడేమీ లేదని చెప్పు. అది జబ్బని చెప్పు."

"వస్తాను. క్లినిక్‌లో పొద్దుటి పని అవగానే వస్తాను."

కండక్టరమ్మ లేచి గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"నీకు ఏడుపు రాదా?"

"రాదు అక్కా."

ఆవిడ సంచీ భుజానికి సర్దుకుని వెళ్ళిపోయింది.

*

నెమ్మదయ్య కప్పులు కడగడం మొదలుపెట్టాడు. కడిగినవే మళ్ళీ కడుగుతున్నాడు.

"వెళ్ళు పళ్ళక్కా. తప్పకుండా వెళ్ళాలి. కానీ కాస్త నిదానంగా మాట్లాడు."

"ఏం మాట్లాడాలి?"

"జబ్బు సంగతి చెప్పు, తిండి సంగతి చెప్పు. వాడికి కలిగిన అనుభవం మాత్రం... అది ఏమిటో మనకేం తెలుసు? చక్కెర పడిపోయిందీ నిజమే కావచ్చు, వాడు అందుకున్నదీ నిజమే కావచ్చు."

"పోయేవాడు కదా."

"పోలేదు కదా," అంది ఉపన్యాసం చటుక్కున. అన్నాక నాలుక కరుచుకుంది. "నా ఉద్దేశం అది కాదు అక్కా. ఆవిడ ఎక్కడైనా ఫిర్యాదు చేస్తే కేంద్రానికి తాళం పడుతుంది. అక్కడికొచ్చే వాళ్ళంతా ఏమైపోతారు? నేనేమైపోతాను? అక్కడికి రాకముందు నిద్ర మాత్ర లేకుండా నేను పడుకున్న రోజు లేదు, నీకు తెలుసు."

తెలుసు.

"ఆదివారం నుంచి కొత్తవాళ్ళ తరగతి నీదేనని గురువుగారు ఊరెళ్ళేముందే చెప్పారు," అన్నాడు నెమ్మదయ్య. "నువ్వు ఏం మాట్లాడినా ఇప్పుడది నీ ఒక్కదాని మాట కాదు."

"నాకు లోపల ఏమీ జరగదు నెమ్మదయ్యా. మొదటి రోజు నుంచీ జరగలేదు. ఊరికే కూర్చుంటాను."

"అదే కదా మేమంతా పడరాని పాట్లు పడేది! ఊరికే కూర్చోవడం రాకనే కదా."

ఉపన్యాసం నవ్వింది. నెమ్మదయ్య కూడా నవ్వాడు. పెద్ద గండం గడిచినట్టు ఇద్దరూ తేలికపడ్డారు. పళ్ళక్క సంచీ తీసుకుని బయటికి నడిచింది.

ఈ 'ఊరికే' వెనక ఉన్న కథ వాళ్ళకి తెలీదు. అడగరు కదా, అదొక పద్ధతి.

పళ్ళక్క తల్లి ఏళ్ళ తరబడి మంచంలో ఉండి పోయింది. తిప్పి పడుకోబెట్టడం, నోరు తుడవడం, రాత్రి మూలుగు విని లేవడం అన్నీ కూతురే చేసింది. ఆవిడ పోయిన పొద్దున ఈమె దుప్పటి మడతపెట్టింది, గ్లాసు కడిగి బోర్లించింది, మందులన్నీ ఒక సంచీలో వేసి కట్టింది. కన్నీటి చుక్క రాలేదు. "దీనికి కడుపులో పేగుల్లేవా, రాయిలా నిలబడింది," అంది పిన్ని, నలుగురూ వింటుండగా. ఆ మాట కూడా ఎక్కడా తగల్లేదు. తరవాత వారాలు గడిచినా అంతే. తిండి రుచి తెలిసేది, రుచిగా ఉందని అనిపించేది కాదు.

పళ్ళ డాక్టరు చూసి చూసి ధ్యానకేంద్రం చిరునామా ఇచ్చాడు. మొదటి సాయంత్రం అందరూ మోకాళ్ళు సర్దుకుంటూ, దగ్గుతూ, ముక్కు గోక్కుంటూ తంటాలు పడుతుంటే ఈమె ఒక్కతే కదల్లేదు. కదలాలని అనిపిస్తే కదా. "ఈ అమ్మాయిని చూడండి," అన్నారు గురువుగారు. రాయి అన్న నోళ్ళ మధ్య నుంచి వచ్చి, స్థిరచిత్తం అన్న నోళ్ళ మధ్య పడింది. ఎవరు మాత్రం కాదంటారు? తన మొద్దుతనానికి మంచి పేరు పెట్టిన చోటు లోకంలో అదొక్కటే. సెల్లుబాబుకి ఉన్నదున్నట్టు చెబితే, ఆ చోటు పోతుంది. పేరు పోతుంది, ఇల్లూ పోతుంది. మళ్ళీ పిన్ని నోటి దగ్గరికే చేరాలి.

చెప్పకపోతే ఏం పోతుందో కూడా ఆమెకి తెలుసు.

*

క్లినిక్‌లో ఆఖరి రోగి పెద్దాయన. దవడ పన్ను తీశారు. చిగుళ్ళకి మత్తు సూది వేశారు కాబట్టి పెదవి ఒక పక్కకి వేలాడుతోంది. గడ్డం మీదుగా నీళ్ళు కారుతున్నా తెలియట్లేదు. పళ్ళక్క తుడిచి, గుడ్డ చేతికిచ్చింది.

"ఎప్పుడు తినొచ్చమ్మా?" అన్నాడాయన ముద్ద ముద్దగా. "నొప్పేమీ లేదు. హాయిగా ఉంది."

"మొద్దు వదిలేదాకా ఏమీ నమలకండి. నోట్లో బుగ్గ పళ్ళ మధ్య పడినా తెలీదు, కొరికేసుకుంటారు. రక్తం చూసుకునేదాకా తెలీదు. మొద్దు వదిలాక నొప్పి వస్తుంది. వస్తే మంచిదే, భయపడకండి."

రోజుకి ఎన్నిసార్లు చెబుతుందో ఆ మాటలు. ఇవాళ చెప్పడం అయిపోయాక కూడా ఆయన ఎదురుగా అలాగే నిలబడిపోయింది.

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

"లేదండీ. అంతే."

*

ఆసుపత్రి వరండాలో కండక్టరమ్మ బెంచీ చివర కూర్చుని ఉంది. పళ్ళక్కని చూడగానే లేచింది.

"తింటానని మాటిస్తే, భోజనం ముందు వేసే సూది నర్సు ఇందాకే వేసి వెళ్ళింది. రొట్టె ముక్కలు పెట్టారు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే ముద్ద దిగట్లేదట దొరగారికి. సరే తిని చావమని బయటికొచ్చా. నువ్వెళ్ళు."

కిటికీ పక్క మంచం. సెల్లుబాబు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మనిషి ఒక్క రోజులో పీక్కుపోయాడు గానీ కళ్ళు మెరుస్తున్నాయి. ఒంటి మీద నిన్నటి గోధుమరంగు దుప్పటే. పళ్ళెం ఖాళీగా ఉంది.

"తిన్నావా?"

"తిన్నాను. కనబడట్లేదా?" అని నవ్వాడు. "కూర్చో పళ్ళక్కా. నిన్న దుప్పటి సర్దింది నువ్వే కదా? నాకు తెలిసింది."

"తెలిసిందా?"

"కళ్ళు తెరవలేకపోయాను. చెయ్యి మాత్రం తెలిసింది. అంతకుముందు కొంచెం భయమేసింది, నిజం చెబుతున్నా. ఎక్కడికో జారిపోతున్నట్టు. నీ చెయ్యి పడగానే, పళ్ళక్క చూసుకుంటోందిలే అనుకుని వదిలేశాను."

పళ్ళక్క ఆ మాట విన్నది. ఆ మాట ఎంత బరువైనదో లెక్కకట్టగలదు. కానీ బరువు తెలియడం లేదు. మత్తిచ్చిన చిగురు మీద పరికరం ఆనినట్టు, ఏదో ఆనిందని మాత్రం తెలుస్తోంది.

"తమ్ముడూ, నేను చెప్పేది విను. అక్కడేమీ లేదు. నీ ఒంట్లో చక్కెర అయిపోయింది, అంతే."

"డాక్టరు కూడా అదే అన్నాడు."

"డాక్టరు సంగతి వదిలెయ్. నా సంగతి చెబుతాను. నాకు ధ్యానం రాదు."

అతను చప్పున చూశాడు.

"మా అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ తరవాత ఏదీ రాలేదు. కోపం రాదు, ఆకలి రాదు, ఎవరి మీదా బెంగ రాదు. మీరంతా దాన్ని శాంతి అన్నారు. నేను కాదనలేదు. అది శాంతి కాదు తమ్ముడూ, మొద్దు. మా క్లినిక్‌లో సూది వేసుకున్నవాళ్ళు హాయిగా ఉంది అంటారు. బుగ్గ కొరుక్కుంటూనే అంటారు. నిన్న నీ మెడ మీద చెమట చూసి కూడా నాకేమీ అనిపించలేదు. అనిపించి ఉంటే లేపేదాన్ని."

ఇన్ని మాటలు ఆమె ఒక్కసారిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. పక్క మంచం ముసలాయన పత్రిక దించి చూశాడు.

సెల్లుబాబు మొహంలోకి మెల్లగా ఒక ఆరాధన వచ్చి కూర్చుంది. అది చూశాక పళ్ళక్కకి అర్థమైంది, తను ఓడిపోయిందని.

"ఇంత నిజం ఎవరు చెప్పగలరక్కా? గొప్పవాళ్ళే తమకేమీ రాదంటారు."

"అయ్యో, కాదురా."

"పోనీ ఒక్కటి చెప్పు. నీకు నొప్పి పుడుతుందా? లోపల?"

"లేదు."

"భయం?"

"లేదు."

"అయితే నాకు అదే కావాలి. దానికి నువ్వు ఏ పేరు పెట్టుకున్నా సరే." అతను దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకున్నాడు. "ఆరో క్లాసు నుంచీ ఈ ఒంటికి కాపలా కాస్తున్నాను పళ్ళక్కా. ఏం తిన్నాను, ఎంత తిన్నాను, సూది పడిందా, చెయ్యి వణికిందా. అది చాలదన్నట్టు మా అక్క కాపలా. నేను నమిలే ప్రతి ముద్దా ఆవిడ కళ్ళతో నములుతుంది. ఈ ఉద్యోగానికి ఆదివారం లేదు. నిన్న మొదటిసారి సెలవు దొరికింది."

సెలవు. ఆ మాట పళ్ళక్క ఎరిగినదే. తల్లి పోయిన పొద్దున, గ్లాసు బోర్లిస్తూ, తను కూడా అదే మాట అనుకుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ గుర్తే లేదు.

"కాసేపు కళ్ళు మూసుకుంటాను," అన్నాడు సెల్లుబాబు. "నువ్వు పక్కనుంటే బాగా కుదురుతుంది. పోనీ, అక్కతో మాట్లాడి రా. పాపం, ఎదురుచూస్తూ ఉంటుంది."

*

"ఏమన్నాడు?"

"విన్నాడు."

"ఒప్పుకున్నాడా?"

"లేదు అక్కా."

కండక్టరమ్మ బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చింది. పొద్దుటి గొంతు కాదది. బస్సు ఖాళీ అయిపోయాక మాట్లాడే గొంతు.

"నాకు నీలాంటి మాటలు రావు. వాడి చిన్నప్పుడు, నిద్రలో మెడ కింద చెయ్యి పెట్టి చూసేదాన్ని. తడిగా ఉందంటే లేపెయ్యడమే. ఏడ్చినా, తన్నినా లేపి నోట్లో చక్కెర పొయ్యడమే. నాకొచ్చిన వైద్యం అదొక్కటే. ఇరవై రెండేళ్ళవాడి మెడ కింద చెయ్యి పెట్టనిస్తాడా? కసురుకుంటాడు. అందుకే మీ ఇంటికొచ్చి చేరాడు, నా చెయ్యి తప్పించుకుని."

పళ్ళక్క తన అరచేయి చూసుకుంది.

"తిన్నాడు కదా?"

"తిన్నాడు. పళ్ళెం ఖాళీగా ఉంది."

"రొట్టె అంచులు వదిలేశాడా? వాడికి అంచులు పడవు. తీసి పళ్ళెంలో ఓ పక్కన పేర్చి పెడతాడు, ఎద్దులా పెరిగినా ఆ బుద్ధి పోలేదు."

"లేదు. ముక్క కూడా లేదు. పళ్ళెం తుడిచినట్టుంది."

కండక్టరమ్మ మొహం మారిపోయింది.

"వాడు పుట్టి బుద్ధెరిగి అంచులు తినలేదు."

పళ్ళక్క అప్పటికే లేచింది.

సెల్లుబాబు మంచం మీద పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. దుప్పటి భుజాల చుట్టూ ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. మొహం తేటగా, పాలు తాగి పడుకున్న పసివాడి మొహంలా ఉంది. పక్క మంచం ముసలాయన వేలు పెదవుల మీద పెట్టుకుని, కదపొద్దన్నట్టు సైగ చేశాడు.

మంచానికి అడుగు దూరంలో పళ్ళక్క కాళ్ళు ఆగిపోయాయి. భయంతో కాదు, అలవాటుతో. కూర్చున్నవాణ్ణి కదపకూడదు. ఆ క్షణం ఎంత సులువుగా గడిచిపోగలదో ఆమెకి బాగా తెలుసు. నిన్న గడిచింది.

ఆమె చెయ్యి చాపి దుప్పటి లోపల, అతని మెడ మీద పెట్టింది.

తడి. చొక్కా కాలరంతా తడి.

"లే!"

దుప్పటి లాగిపారేసింది. కాగితం రుమాల్లో చుట్టిన రొట్టె ముక్కలు ఒళ్ళోంచి మంచం మీద పడ్డాయి. భుజాలు పట్టుకుని ఊపింది. "లేరా! ఒరేయ్, కళ్ళు తెరువు! అక్కా, చక్కెర!"

సెల్లుబాబు కళ్ళు సగం తెరిచాడు. ఆమెని చూశాడో, ఆమె వెనక ఎవర్నైనా చూశాడో తెలీదు.

"ఇంకాసేపు," అన్నాడు. "ఇంకాసేపు, పళ్ళక్కా."

తల ఆమె భుజం మీదికి ఒరిగిపోయింది. కండక్టరమ్మ సంచీ బోర్లించింది, పొట్లాలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. ఒకటి చింపి పళ్ళక్క చేతిలో పోసి, నర్సు కోసం కేకలు వేస్తూ వరండాలోకి పరిగెత్తింది.

దవడ బిగుసుకుని ఉంది. బిగుసుకున్న నోళ్ళు తెరవడం పళ్ళక్కకి కొత్త కాదు. బొటనవేలితో చెంప నొక్కి, పక్క నుంచి వేలు దూర్చి, చక్కెర తీసుకెళ్ళి బుగ్గ లోపల రుద్దింది. మళ్ళీ అద్దుకుని మళ్ళీ రుద్దింది. అతని ఒళ్ళు ఒక్కసారి అదిరింది. పళ్ళు ఆమె వేలి మీద పడి బిగుసుకున్నాయి.

నొప్పి పుట్టింది.

వేలి నుంచి మోచేతిదాకా, అక్కణ్ణుంచి గొంతుదాకా పాకింది. ఎన్నాళ్ళుగానో తెలియని నొప్పి, కళ్ళు చీకట్లు కమ్మే నొప్పి. పళ్ళక్క నోటి నుంచి ఒక మూలుగు వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారి అతని తడిసిన మెడ మీద పడ్డాయి. వేలు మాత్రం తీయలేదు.

"కొరుకు," అంది. "కొరుకు తమ్ముడూ. ఇంకా గట్టిగా కొరుకు."

వరండాలో పరిగెత్తే అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.

ఆమె వేలి మీద పళ్ళ పట్టు సడలింది. అతను చక్కెర మింగాడో, ఆమె వేలు వదిలేసి జారిపోయాడో, ఎంత తొంగి చూసినా పళ్ళక్కకి తెలియలేదు.